సేఫ్టీ వాల్వ్‌కు రాళ్లు కట్టిన దొర

పోలీసు చర్యకు ముందటి ఎండాకాలం నన్ను జనగామకు సహాయ బాయిలర్ ఇన్‌స్పెక్టర్‌గా వేశారు. అప్పటికి ఊళ్లలో కమ్యూనిస్టుల సంఘం బలంగా ఉంది. దొరలు గడీలు వదిలి, గింజలతో సహా పట్నాలు చేరుతున్నారు. కురవి వైపు నుంచి మానుకోటకు వచ్చిన ఒక దొర, సంఘం వాళ్లు వచ్చి జనానికి పంచేలోగా వడ్లన్నీ ఆడించి అమ్ముకోవాలని తన మిల్లును ఆపకుండా నడిపిస్తున్నాడు. అక్కడికి తనిఖీకి వెళ్లాను.

వడ్లు ఉడికించే బాయిలర్ మీద సేఫ్టీ వాల్వ్ ఉంటుంది. లోపలి ఒత్తిడి హద్దు దాటగానే తనంతట తానే లేచి ఆవిరిని బయటికి వదులుతుంది. ఆ వాల్వ్ మీట చివర ఈ మహానుభావుడు తూకపు రాళ్లు వేలాడదీశాడు. ఒత్తిడి చూపే గేజీ ముల్లు ఎర్రగీత దాటి ఉంది.

ఇదేమిటని అడిగితే నవ్వాడు.

"బొంబాయిల ఓడ ఇంజన్ చూసిన సాబ్. టర్బోచార్జర్ అంటరు. పోయే పొగతోనే చక్రం తిప్పి, ఇంకింత గాలి లోపలికి నూకుతది. గిది గూడ గంతే. ఆవిరి ఆగితే బలం పెరుగుతది."

ఓడ చూసినంత మాత్రాన ఇంజనీరైపోయిన మనిషి! టర్బోచార్జర్ వాడుకునేది సిలిండర్ దాటి వచ్చేసిన పొగను. ఇంజన్ బలం పెంచడమే దాని పని. వాల్వ్ ఏ బలమూ పెంచదు, బాయిలర్ పగలకుండా చూస్తుంది. మొదటిది లేకపోతే ఇంజన్ కాస్త నీరసపడుతుంది. రెండోది లేకపోతే మనుషులు పోతారు. ఇదంతా చెప్పినా ఆయన చెవికెక్కలేదు. మంట తీయమని నేను పొయ్యి చూసే ఫైర్‌మన్ యాకూబ్‌కు చెబితే, దొర కళ్లెర్రజేసి ఆపాడు.

"అయితే మీ కుర్చీ ఈ బాయిలర్ పక్కనే వేయించుకోండి" అన్నాను. ఆయన గోడవతలి గదిలోకి నడిచాడు.

వడ్లు మోస్తున్న లచ్చమ్మ అది చూసి గంప కింద పడేసింది. "గంత మంచిదైతే నువ్వెందుకు పోతున్నవ్ దొరా? పోదాం పాండ్రి, గీడ ఉండొద్దు" అంది. ఆడవాళ్లంతా ఆమె వెంట నడిచారు.

"నాకు గూడ పిల్లలున్నరు సాబ్" అంటూ యాకూబ్ నిప్పులు బయటికి లాగాడు. ఒత్తిడి దిగేదాకా నేను ఎవరినీ రాళ్లను ముట్టుకోనివ్వలేదు; ఒక్కసారిగా తీస్తే అదో ప్రమాదం. చల్లారాక చూస్తే పొయ్యి మీది బాయిలర్ రేకు పగిలేటట్టు ఉబ్బి ఉంది. బాయిలర్‌కు సీలు వేశాను.

నేను సంఘం మనిషినని దొర పైకి ఫిర్యాదు చేశాడు. మా పైవాళ్లు దాన్ని నమ్మేంత తెలివైనవాళ్లే. నన్ను భూపాలపల్లి అడవుల వైపు పంపారు. అక్కడ ఆవిరి కనబడేది అన్నం గిన్నె మీదే.

తర్వాత ఏ మిల్లుకు వెళ్లినా, వాల్వ్ చూడకముందే యజమాని ఎక్కడ కూర్చుంటాడో చూసేవాణ్ణి. గోడవతల కూర్చుంటే తనిఖీకి ఇంకో గంట ఎక్కువ కేటాయించేవాణ్ణి.