జాకెట్టుకు పది రూపాయలు, కడపలో రెండు పళ్లు

మా బేతంచెర్లలో బండలకు పాలిష్ పట్టే ఫ్యాక్టరీల ముందు ఎప్పుడూ తెల్లటి బురదే. నాలుగేళ్ల కిందట మా ఆయన యేసుదాసుకు సద్ది ఇవ్వడానికి పోయి, ఆ బురదలో జారి, పేర్చిపెట్టిన బండల మీద బోర్లా పడ్డాను. ముందరి పళ్లు రెండూ పోయాయి. సద్దిగిన్నెకు మాత్రం సొట్ట కూడా పడలేదు! అప్పటినుంచి నవ్వొస్తే కొంగు అడ్డం పెట్టుకోవడమే. చర్చిలో ముందు వరుసలో నిలబడి పాడేదాన్ని, వెనక స్తంభం పక్కకు చేరాను.

పళ్లకు డబ్బు ఎలా జమ అయిందో చెప్పాలి, నాలాంటి వాళ్లకు పనికొస్తుంది. మా చర్చి ఆడవాళ్లం ఎసట్లో బియ్యం పోసే ముందు దేవుని పేరున పిడికెడు తీసి పక్కన పెడతాం. ఒకరోజు అట్లా తీస్తుంటే, దేవునికి పిడికెడు తీసినా ఇల్లు గడుస్తూనే ఉంది కదా, నాకొక పిడికెడు తీసుకుంటే గడవదా అనిపించింది. నేను టైలర్ని. కుట్టిన ప్రతి జాకెట్టుకూ పది రూపాయలు ఖాళీ పౌడరు డబ్బాలో వేశాను. పాపమేమోనని భయపడి పాస్టరమ్మను అడిగితే ఆమె పకపకా నవ్వింది.

"తనకు మాలిన ధర్మం మొదలు చెడ్డ బేరం అన్యారు సుగుణమ్మా. దాచుకో" అంది. కడపలో తక్కువలో పళ్లు కట్టే ఆసుపత్రి ఉందని చెప్పింది కూడా ఆమే.

మొదటిసారి పోయి పళ్ల కొలతకు అచ్చు ఇచ్చి వచ్చాను. ఈసారి పన్నెండు వందలు కట్టి పళ్లు పెట్టించుకోవాలి. సరిగ్గా ముందురోజే కుట్టుమిషను మోటారు కాలిపోయింది. ఇల్లంతా పొగ. మిషనుకు కాళ్లతో తొక్కే పెడలు ఉంది గానీ, దాని తోలు బెల్టు ఎప్పుడో తెగిపోయింది. మా ఆయన మోటారును అటూ ఇటూ తిప్పి చూశాడు.

"పండ్లు ఇంగో నెలకైనా కట్టిచ్చుకోవచ్చు. కడపలో మోటారు తక్కువకు దొరుకుతాది. తెచ్చుకోరాదా?" అన్నాడు. కోపంగా అని ఉంటే ఎదురు చెప్పేదాన్ని. మెల్లగా అన్నాడు. "చూస్తాలే" అని ఊరుకున్నాను.

పొద్దున ఐదున్నరకు నంద్యాల బస్సెక్కాను. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకు సున్నా టికెట్ కొడతారు, కార్డు మర్చిపోవద్దు. నంద్యాలలో ఏడు గంటలకు కడప ఎక్స్‌ప్రెస్. లగ్జరీ ఎక్కితే మాత్రం డబ్బు కట్టాల్సిందే, బోర్డు చూసుకుని ఎక్కండి. బస్టాండులో ఉగ్గాని, బజ్జీ కలిపి నలభై. ఉగ్గాని అంటే నానబెట్టిన బొరుగులే, మెత్తగా ఉంటాయి కాబట్టి తిన్నాను. మిరపకాయ బజ్జీలు కొరికేదెట్లా? పొట్లం కట్టి సంచిలో వేసుకున్నాను.

ఆళ్లగడ్డలో ఒక పెద్దామె ఎక్కి నా పక్కన కూర్చుంది. పేరు మహబూబ్బీ, బీపీ చూపించుకోవడానికి కడపకు పోతోంది.

"ఏమ్మా, కొంగు నోటి కాడనుంచి తియ్యవే. పంటి నొప్పా?" అంది.

బస్సులో కలిసిన మనిషికి చెప్పినంత సులువుగా ఇంట్లో వాళ్లకు చెప్పలేం. పళ్ల సంగతీ, మోటారు సంగతీ అన్నీ చెప్పేశాను.

"మోటారు లేకుంటే జాకెట్టు కుట్టనీక రాదా?"

"వస్తాది పెద్దమ్మా. కాళ్లతో తొక్కాల."

"మరి పండ్లు లేకుంటే నవ్వేది కాళ్లతోనా?"

ముందు సీట్లో వాళ్లు కూడా వెనక్కి తిరిగి నవ్వారు. నేనూ నవ్వాను, కొంగు అడ్డం పెట్టుకునే. మూడు గంటల బస్సుకు తిరిగొస్తానని, ముందొస్తే నాకూ సీటు పట్టి ఉంచుతానని ఆమె మాటిచ్చింది.

మైదుకూరు దాటేసరికే ఎండ చురుక్కుమంది. పదింటికి కడప. షేర్ ఆటోకు ఇరవై. ఆసుపత్రి వీధి మొదట్లోనే మిషన్ల అంగడి కనబడింది. ఊరికే ధర అడుగుదామని ఎక్కాను.

"పదమూడు నూర్లు. నీకని పన్నెండు ఇయ్యక్కా" అని అంగడాయన కొత్త మోటారు నా చేతిలో పెట్టాడు.

సరిగ్గా పన్నెండు వందలే! ఇంటికి పట్టుకుపోతే మా ఆయన సంతోషిస్తాడు, పనీ ఆగదు.

"ఎన్నేండ్లు వస్తాదన్నా?" అని అడిగాను.

"బాగా చూసుకుంటే నాలుగేండ్లు."

నాలుగేళ్లు. నేను కొంగు అడ్డం పెట్టుకున్నదీ నాలుగేళ్లే. ఆ నాలుగేళ్లలో ప్రతి నెలా ఇంట్లో ఏదో ఒకటి కాలిపోతూనే ఉంది, పగిలిపోతూనే ఉంది. వచ్చే నెల మాత్రం ఊరుకుంటుందా? మోటారు బల్ల మీద పెట్టి, "మళ్లొస్తానన్నా" అని దిగి, వెనక్కి చూడకుండా నడిచాను. చూస్తే మనసు మారుతుందని భయం.

ఆసుపత్రిలో చిన్న వయసు డాక్టరమ్మ పళ్లు పెట్టి, అరగదీసి, సరిచేసి అద్దం ఇచ్చింది. "నవ్వండి" అంది. నాకు ఏడుపొచ్చింది.

"నవ్వమంటే ఏడుస్తారేం అమ్మా!" అని ఆమే నవ్వింది. ఆ బిడ్డ చల్లగా ఉండాలి. వారం దాకా గట్టివి కొరకొద్దంది. మధ్యాహ్నం యాభై రూపాయల పెరుగన్నం తిన్నాను, మళ్లీ ఇరవై ఇచ్చి ఆటోలో బస్టాండుకు వచ్చాను.

మహబూబ్బీ కిటికీ పక్కన సీటు మీద తువ్వాలు పరిచి కాపలా కాస్తోంది.

"యాదీ, సూపియ్యి."

నవ్వాను. నవ్వీ నవ్వకముందే నా చెయ్యి కొంగు పట్టుకుని దానంతటదే పైకి లేచింది. ఆమె టక్కున ఆ చెయ్యి పట్టుకుని కిందికి దించింది.

"ఇంగ దానికి పనిల్యా. శానా బాగుండావు" అంది. చాగలమర్రి దాకా చెయ్యి వదల్లేదు. చల్లారిన బజ్జీలు ఆమెకే ఇచ్చాను. ఉన్న నాలుగు పళ్లతోనే ఇష్టంగా తిని ఆళ్లగడ్డలో దిగిపోయింది. ఫోన్ నంబరు తీసుకోవాలని కూడా తోచలేదు నాకు.

కిటికీ బయట శనగచేలు పోతున్నాయి. ఆటోలూ తిండీ కలిపి నూటముప్పై ఖర్చు. పళ్లకు డబ్బా చాలింది, సీటు మహబూబ్బీ పట్టింది, దారి పాస్టరమ్మ చూపింది. ఇంతమంది తోడుంటే ఇన్నాళ్లూ ఒంటరిదాన్ని అనుకున్నానే! కానీ నంద్యాలలో బస్సు మారి, బేతంచెర్ల దగ్గరయ్యే కొద్దీ మా ఆయన మొహమే గుర్తొచ్చింది.

ఏడున్నరకు దిగాను. బస్టాండులో బండి పక్కన నిలబడిన మా ఆయన మొదట నా సంచి వైపు చూశాడు.

"మోటారు తెచ్చినావా?"

నవ్వాను, నోరారా. ఆయన నా పళ్లు చూసి, మొహం పక్కకు తిప్పుకుని బండి కిక్కు కొట్టాడు.

"కొత్త బెల్టు తెచ్చి మధ్యాన్నమే బిగిచ్చినాలే. రేపట్నుంచి తొక్కుకో" అన్నాడు.

బండి వెనక కూర్చుని ఇంటిదాకా నవ్వుతూనే పోయాను. బండల దుమ్మంతా నోట్లో పడింది. పడనీ.