కేబులు పట్టిన ఎక్స్‌రే అక్క

ఆసుపత్రి కింది అంతస్తులో, మెట్ల పక్కన, కిటికీ లేని గదిలో ఇరవై రెండేళ్లుగా ఎక్స్‌రేలు తీస్తున్న ఆవిడని అందరూ ఎక్స్‌రే అక్క అంటారు. ఆవిడకన్నా పదేళ్లు పెద్దవాళ్లు కూడా అక్క అనే అంటారు. ఊపిరి బిగబట్టమని ఆవిడ ఒక్క కేక వేస్తే లోపల ఉన్న రోగే కాదు, బయట బల్ల మీద వరసగా కూర్చున్నవాళ్లందరూ బిగబడతారు. అంత గొంతున్న మనిషికి దొరికింది మాత్రం నోరు కట్టేసే ఉద్యోగం. ఫొటో తీయొచ్చు గానీ అందులో ఏముందో చెప్పకూడదు. "ఏమైనా విరిగిందా అక్కా?" అని బతిమాలుకున్నా "డాక్టరు గారు చెప్తారు" అనాలి. ఎముక రెండు ముక్కలై కళ్లెదుట కనపడుతున్నా అదే మాట. అది అని అని ఆవిడకి కడుపు ఉబ్బిపోయింది.

అలాంటి మనిషి చేతికి ఒక కేబులు దొరికింది.

నలభై ఎనిమిదో ఏట అక్క డ్రైవింగ్ లైసెన్సు తెచ్చుకుంది. పొద్దున ఆరింటి డ్యూటీకి రెండు బస్సులు మారి వెళ్లే బాధ ఇక తన వల్ల కాదని, ఒక పాత కారు కొనుక్కుంటానని ఇంట్లో ప్రకటించింది. మొదటి కారు చూడటానికి వెళ్లినప్పుడు తోడు వచ్చిన మెకానిక్ స్టీరింగు కింద ఉన్న సాకెట్‌లో కేబులు ఒక కొస గుచ్చి, రెండో కొస ల్యాప్‌టాప్‌కి తగిలించి, తెర చూసి పెదవి విరిచాడు. ఇంజను లోపల ఏయే భాగం మొరాయించిందో కారే గుర్తుపెట్టుకుంటుందట, అడిగితే చెప్తుందట. కారుకీ ఎక్స్‌రే ఉందన్నమాట! పైగా ఇక్కడ తీసినవాళ్లే ఫలితం చెప్పేయొచ్చు. అక్కకి ఒళ్లు పులకరించింది. వారం తిరక్కుండా తనకీ ఒకటి తెప్పించుకుంది.

అప్పట్నుంచి ఆసుపత్రిలో ఎవరు పాత కారు కొనాలన్నా అక్క ఉండాల్సిందే. ఇరవై రెండేళ్ల బాకీ తీర్చుకుంటున్నట్టు చెప్పేది ఆవిడ. మందుల షాపాయన కొనబోయిన కారుకి ఎన్ని జబ్బులున్నాయో అమ్మేవాడి ముందే, వాడి అత్తగారు వింటుండగా, గడగడా చదివేసింది. "కాస్త మెల్లగా చెప్పండమ్మా" అని వాడు నీళ్లు నమిలితే, "ఊపిరి బిగబట్టండి, ఇంకా రెండున్నాయి" అంది.

ఆవిడ భర్త సిటీ బస్సు నడుపుతాడు. ఆయనకి కేబులు మీద నమ్మకం లేదు, తన చెవుల మీదే నమ్మకం. "ఇంజను గొంతు వింటే నాకు తెలిసిపోతుందే" అంటాడు. ఇంట్లో కుళాయి కారుతున్న చప్పుడు మాత్రం ఆ చెవులకి నెల రోజులుగా వినపడలేదు. తన కోసం చూసిన తొమ్మిది కార్లకీ అక్క ఏదో ఒక వంక పెట్టి వదిలేసేసరికి ఆయన దణ్ణం పెట్టేశాడు. "నీకు కావల్సింది కారు కాదు, రోగాలు" అన్నాడు.

నిజానికి అక్క మనసంతా పదో కారు మీద ఉంది. అది డాక్టరు గారిది. ఆవిడ తీసిన ప్రతి ఎక్స్‌రేనీ చదివి చెప్పిన డాక్టరు గారే ఆయన. కిందటి నెల పదవీ విరమణ చేసి, తన చిన్న నీలం కారు అమ్మేస్తానన్నారు. పదకొండేళ్లుగా ఆసుపత్రి షెడ్డులో దాన్ని చూస్తూనే లోపలికి వెళ్లేది అక్క. ఒక్క గీత ఉండేది కాదు. ఇది గనక చేజారితే మళ్లీ ఆ రెండు బస్సులే గతి అనుకుంది. అందుకే ఆదివారం పొద్దున భర్తని వెంటేసుకుని డాక్టరు గారింటికి బయల్దేరింది.

సంచీలోంచి కేబులు బయటికి తీయగానే డాక్టరు గారు కళ్లజోడు సవరించుకున్నారు. "అదెందుకమ్మా? నా మాట చాలదా?"

"మీ మాట చాలండీ. కారు మాట కూడా విందామని" అంది అక్క, సిగ్గుపడుతూనే సాకెట్ వెతుకుతూ.

తెర మీద లోపాలేమీ లేవని వచ్చింది. అక్క గుండె తేలికైంది, అయితే అలవాటు చొప్పున కింది దాకా చదివింది. మెమరీ చెరిపేశాక నడిచిన దూరం అని ఒక వరస ఉంది. దాని పక్కన ఆరు కిలోమీటర్లు అని ఉంది. పదకొండేళ్ల కారు జ్ఞాపకాలన్నీ ఎవరో నిన్నో మొన్నో తుడిచేశారు.

డాక్టరు గారు మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని ముందుకి వంగారు. "ఏమైనా కనిపించిందా?"

ఆ ప్రశ్న అక్క వేలసార్లు విన్నదే, ఈ నోట మాత్రం ఎప్పుడూ వినలేదు. మందుల షాపాయన కారుకి గడగడా చదివేసిన మనిషి ఇక్కడ ఆ ఒక్క వరసే మళ్లీ మళ్లీ చదివింది. చెప్తే పెద్దాయన్ని అబద్ధాలకోరు అన్నట్టవుతుంది, కారూ పోతుంది. చెప్పకపోతే ఏ దారి మధ్యనో అది ఆగిపోతుంది. భర్త తనకేం పట్టనట్టు టైర్లు చూస్తున్నాడు.

"లోపాలు లేవండీ. కానీ ఉన్నవి చెరిపేశారు" అంది చివరికి.

డాక్టరు గారి మొహం ఎర్రబడింది. "చెరపడమేంటి? ఇంజను బొమ్మ లైటు వెలుగుతోందని శుక్రవారం మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాను. బాగుచేశానన్నాడు. లైటు ఆరిపోయిందిగా!"

"థర్మామీటరు దులిపేస్తే జ్వరం తగ్గినట్టు కాదు కదండీ."

భర్త గబుక్కున గోడ వైపు తిరిగాడు. ఆయన భుజాలు మాత్రం ఊగుతున్నాయి.

ఒక్క అరగంట తిప్పి చూద్దామని అక్కే అంది. భర్త స్టీరింగు పట్టుకున్నాడు, డాక్టరు గారు ఆయన పక్కన కూర్చున్నారు, అక్క వెనక సీట్లో ఒళ్లో ల్యాప్‌టాప్ పెట్టుకుంది. వంతెన ఎక్కుతుంటే కారు రెండుసార్లు దగ్గి వణికింది. లైటు మళ్లీ వెలిగింది. మూడో సిలిండరు సరిగా మండటం లేదని తెర చెప్పింది.

"నాకు ఇందాకే వినపడింది" అన్నాడు భర్త.

"అబ్బో" అంది అక్క.

వంతెన దిగాక డాక్టరు గారు కారు పక్కకి ఆపించారు. "ఆ మెకానిక్‌కి చెప్పి సరిగ్గా బాగుచేయిస్తాను. మళ్లీ గుచ్చి చూసుకుని అప్పుడే తీసుకో. ఇంకెవరికీ ఇవ్వను" అన్నారు. కారు దక్కినందుకు అక్కకి అక్కడే దిగి గంతులేయాలనిపించింది. నలభై ఎనిమిదేళ్లు గుర్తొచ్చి ఆగింది.

డాక్టరు గారు ఇంకా ముందు అద్దంలోంచి రోడ్డు వైపే చూస్తున్నారు. "ఒక మాట అడుగుతానమ్మా. నువ్వు ఒక్కోసారి నేను రాయకపోయినా ఇంకో కోణంలో రెండో ఫిల్ము తీసి పైన పెట్టి పంపేదానివి. ఫిల్ములు దండగ చేస్తున్నావని తిట్టేవాణ్ణి."

"తిట్టేవారండీ."

"మొదటి దాంట్లో నాకు కనిపించనిది ఆ రెండో దాంట్లో దొరికేది. నా అదృష్టం అనుకునేవాణ్ణి." ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "నీకు తెలిసే తీసేదానివా?"

"తెలిసేనండీ" అంది అక్క.

భర్త స్టీరింగు మీంచి చేతులు తీసేసి అద్దంలో ఆవిడ మొహం చూశాడు. ఇన్నేళ్ల కాపురంలో ఈ సంగతి ఆయనకీ తెలియదు.

"ఎన్ని?" అన్నారు డాక్టరు గారు, మెల్లగా.

ఎన్నో ఆవిడకి తెలుసు. నలభై ఒకటి. ఏ ఏడు, ఎవరిది, ఏ ఎముక అన్నది కూడా తెలుసు. ముందు సీట్లో పెద్దాయన మెడ వెనక నెరిసిన వెంట్రుకలు కనపడుతున్నాయి. అక్క ల్యాప్‌టాప్ మూసింది.

"లెక్కపెట్టలేదండీ" అంది.