రేయాన్ మిల్లు రీలులోంచి నేను తీసేసిన మనిషి

కొన్నేళ్లుగా ఒక స్త్రీ ముఖాన్ని మోస్తున్నాను. పేరు తెలియదు. ఆమెను చివరిసారి చూసిన వాళ్లలో నేనొకణ్ణి. ఇక ఎవరూ చూడకుండా చేసింది మాత్రం నేనొక్కణ్ణే.

నలభైకి దగ్గరపడ్డాక స్టూడెంట్ వీసా మీద కెనడాకు, ఒంటారియోలోని లండన్‌కు వచ్చాను. క్లాసు నిండా మనవాళ్లే, అందరూ నాకంటే చిన్నవాళ్లు. చదువయ్యాక పాత ఫిల్ములు స్కాన్ చేసే చిన్న ల్యాబ్‌లో ఉద్యోగం దొరికింది. నా పీఆర్, అంటే ఇక్కడ శాశ్వతంగా ఉండే అనుమతి, దానిమీదే ఆధారపడి ఉంది.

ఒకసారి యాభైల నాటి డాక్యుమెంటరీ వచ్చింది. ఎప్పుడో మూతపడిన రేయాన్ మిల్లు గురించి. చెక్క గుజ్జును రసాయనాల్లో కరిగించి పట్టులాంటి దారం తీస్తుంటారు. వెనక సంగీతం, మిషన్ల దగ్గర నవ్వే అమ్మాయిలు. సినిమాలో వాడకుండా వదిలేసిన ముక్కలు వేరే డబ్బాలో ఉన్నాయి. వాటిని స్కాన్ చేస్తుంటే, నాతో పార్ట్‌టైమ్ చేసే వరంగల్ అమ్మాయి స్రవంతి ఆపింది.

“అన్నా, ఈమె కండ్లు చూడు. నీళ్లు కారుతున్నయి. గోడ పట్టుకొని నడుస్తుంది.”

“గ్యాస్ ఘాటై ఉంటుంది. డిలీట్ చెయ్యి.”

“ఎందుకు? సినిమా మొత్తంల నిజం గిదొక్కటే.”

“మిల్లు ఓనర్ల మనవలు ఫంక్షన్‌లో వేసుకోవడానికమ్మా ఇది. బాస్‌కి తలనొప్పి.”

“బాస్ అన్నడా?”

“అనక్కర్లేదు.”

“పీఆర్ రాకముందే అంకుల్‌వి అయిపోయినవ్ పో!” అని నవ్వింది.

నేనే డిలీట్ చేశాను.

తర్వాతి వారం ఒక పెద్దావిడ వచ్చింది. వాళ్లమ్మ ఆ మిల్లులో పనిచేసి చూపు పోగొట్టుకుందట. మిల్లుకు సంబంధం లేదని తోసేశారట. చివరికి ఇంట్లోవాళ్లు కూడా నమ్మలేదట. అమ్మ ఫిల్ములో ఎక్కడైనా ఉందా అంటూ ఫోటో చూపించింది. ఆ ముఖమే. స్కాన్ చెరిపేసినా, ఆ ముక్కల డబ్బా ఇంకా నా బల్ల కిందే ఉంది.

లేదన్నాను.

ఎవరికి భయపడ్డాను? బాస్ మంచివాడు, అడిగితే ఇచ్చేయమనేవాడేమో. అందుకే అడగలేదా? అడిగితే, ఎవరూ చెప్పకుండానే ఆ ముక్కను చెరిపేశానని తెలిసిపోతుందనా?

ఫిల్ము చెడిపోయి పుల్లటి వాసన వేస్తే పారేయడం మా దగ్గర మామూలు. ఆ సాయంత్రం ఆ డబ్బాను అలాంటి వాటిలో కలిపేశాను. దానికి ఏ వాసనా లేదు.

పీఆర్ వచ్చింది. భయపడాల్సిందేమీ మిగల్లేదు. అయినా ఆవిడ కోసం వెతకలేదు.

ఇది తెలుగులో రాస్తున్నాను. ఆవిడకు తెలుగు రాదని తెలిసే రాస్తున్నాను. నా ధైర్యం ఇంతే.

మీ అమ్మ అందులో ఉందమ్మా. నేను చూశాను.

ఈ మాట బయటపడ్డాక గుండె కాస్త తేలికైంది. నాకు మాత్రమే.