నొప్పి మాట వినకుండా ఆదోని దాకా

మూడేళ్ల కిందట, అరవై రెండేళ్ల లేతవయసులో, ఎమ్మిగనూరు నుంచి నా పరువును సైకిలు మీద మోసుకుపోయి ఆదోనిలో పారేసి వచ్చాను. నవ్వేవాళ్లు ఇప్పుడే మొదలుపెట్టవచ్చు, నాకు అలవాటే.

బడిని నాలుగో తరగతి దాకే చూసినా, పొట్లం కట్టిన కాగితాన్నయినా చదవందే పారెయ్యను. ఈత, సైకిలు, పరుగు వరసగా చేసే పోటీల గురించి అలాగే చదివాను. ఒళ్లు అబద్ధాలకోరట! నొప్పి అని ఏడిస్తే పట్టించుకోకూడదట! ఆ రాసినవాడు నాకొక్కసారి దొరకాలి.

ఆ ఆదివారం తెల్లారే కాలువలో ఈత ముగించి ఇంటికొచ్చాను. నా భార్య నాగమ్మ నేసే చీర కొంగుకు మిగిలిన జరీనంతా కండెకు, అంటే మగ్గంలో అటూ ఇటూ ఆడే నాడెలో పెట్టే వేలెడు పుల్లకు, తొందర తొందరగా చుట్టేసి, నిక్కరుతో సైకిలెక్కాను.

"యాడికప్పా, ఈ అవతారం?" అన్నాడు పక్కింటి ఈరన్న.

"ఆదోనికి! ఆడినుంచి పరుగు!"

"వచ్చేది అంబులెన్సులోనా?"

ఊరు దాటగానే వెనక ఏదో పొడిచింది. "అబద్ధం!" అన్నాను. సగం దారికి పొట్టేలు కుమ్ముతున్నట్టుంది. "పచ్చి అబద్ధం!" అని అరిచాను. పత్తి లారీవాడు భయపడి పక్కకు తప్పుకున్నాడు. ఫోను మోగుతూనే ఉంది. మనసు చెదరకూడదు కదా, తియ్యలేదు. ఓర్చినమ్మకు తేటనీరు అంటారు. ఓర్చిన నాకు కన్నీరు.

ఆదోనిలో దిగేసరికి కొడవలిలా వంగిపోయాను. అప్పుడు నిజంగా భయమేసింది. నేతగాడికి కూర్చుంటేనే కూడు. ఆ కూర్చునే ఎముకే విరిగితే?

నాగమ్మకు ఫోను చేశాను. "ఇంక నేను మగ్గంలో కూసోలేనే! ఎముక పోయింది!"

"పన్నెండుసార్లు చేసినా ఎత్తవేమయ్యా? సాయంత్రానికి చీర ఇయ్యాల. జరీ కండె యాడ పెట్టినావు?"

"నేను సస్తాంటే నీకు కండె కావాల్నా?"

"నొప్పి యాడ?"

"వెనక, కుడిపక్క."

"ఆ పక్క జేబులో సెయ్యి పెట్టు."

పెట్టాను. కండె!

"విరిగిందా?" అంది గాభరాగా.

"లేదే, ఎముక బాగుంది!" ఆనందంతో నడిరోడ్డు మీద గెంతాను.

"ఎముక ఎవరికి కావాల? కండె సంగతి సెప్పు!"

సైకిలు అక్కడే తెలిసినవాళ్లింట్లో పెట్టి, కండెను చేత్తో పట్టుకుని, సీట్లు ఖాళీగా ఉన్నా బస్సులో నిలబడే వచ్చాను. సాయంత్రానికి చీర దిగింది. మర్నాడు నేనూ మగ్గంలో కూర్చున్నాను, దిండు వేసుకుని.

మగ్గం మీద ఒట్టు! ఇకముందు ఈ ఒళ్లు అబద్ధమాడుతోందని, జేబులు తడమకుండా నింద వెయ్యను.