రోలుగుంట వెళ్ళిన బుడగలు

చెరకు ఆకు కాలుతున్న వాసన ముక్కుకు తగిలితే చాలు, ఈ వయసులోనూ నా తల పైకి లేస్తుంది. పొగ ఎటు వాలుతోందో చూడకుండా ఉండలేను. అణుకేంద్రంలో ప్రమాదం జరిగితే రేడియోధార్మిక ధూళి గాలిలో ఎంత దూరం, ఎటు పోతుందో కంప్యూటర్లో లెక్కగట్టడం నా ఉద్యోగం. ఆ పిచ్చి అంటించింది నర్సీపట్నంలో మా సైన్సు టీచరు కరుణమ్మ గారు. ఆదివారం చర్చిలో హార్మోనియం వాయించే మెత్తటి వేళ్ళతోనే సోమవారం మాకు మొట్టికాయలు వేసేవారు.

తొంభైలలో నేను తొమ్మిదో తరగతి. జిల్లా సైన్సు ప్రదర్శనకు బడి నుంచి ఒక్క నమూనానే పంపుతారు. విశాఖపట్నం వెళ్ళాలని నాకు ఒకటే ఆరాటం. ఎక్కడో దూరదేశంలో అణుకేంద్రం పేలితే ఆ ధూళి పక్క దేశాల పొలాల మీద రాలిందని టీచరు గారు చెప్పారు. "మన ఊరి గాలి ఎటు పోతాదో నువ్వు తేల్సమ్మా" అన్నారు. పొలాల్లో పొగ చూసి, మ్యాపు మీద దక్షిణంగా పాయకరావుపేట వైపు ఎర్రగీత గీసేశాను. తర్వాత పది గ్యాసు బుడగలకు, దొరికినవారు ఊరి పేరు రాసి పంపమని బడి చిరునామాతో కార్డులు కట్టి వదిలాం. రెండు కార్డులు తిరిగొచ్చాయి. రెండూ ఈశాన్యాన ఉన్న రోలుగుంట నుంచే. ప్యూను వాటిని నా చేతికే ఇచ్చాడు. సిగ్గు విడిచి చెబుతున్నాను, నా గీత తప్పని తేలితే ప్రయాణం పోతుందని వాటిని జామెట్రీ బాక్సులో దాచేసి, ఒక్కటీ రాలేదన్నాను.

మర్నాడు పాఠం మధ్యలో జీడితోట రైతొకాయన గుమ్మంలో నిలబడ్డాడు. చేతిలో చిరిగిన బుడగ, కార్డు.

"ఇది మీదేనాండీ? మా తోట రోలుగుంటకీ పక్కూరికీ మద్దెనుందండి. ఏ ఊరని రాయాలో తెలీక, తప్పు రాయకూడదని బస్సెక్కి వచ్చేసినాను."

క్లాసంతా నవ్వింది, నేను తప్ప. టీచరు గారు ఆయనకు కుర్చీ వేయించి మజ్జిగ తెప్పించారు. నా మొహం చూసి, "ఏటమ్మా?" అన్నారంతే. బాక్సు తెరిచి కార్డులు బల్ల మీద పెట్టాను.

"కింద గాలి ఒకలా, పైన గాలి ఇంకోలా ఉంటాదని ఇవే సెప్తున్నాయి," అన్నారు టీచరు గారు. "నిజంగా ఇషపు గాలే వస్తే, నీ గీత నమ్మి పాయకరావుపేటోల్లని పరిగెత్తించి, ఈయన్ని తోటలోనే ఉండమంటావా?"

ఏడుస్తూ ఎర్రగీత చెరపబోతే చెయ్యి పట్టుకున్నారు. "ఉండనీ. పక్కనే నిజం గియ్యి." ఆ రెండు గీతల మ్యాపుతోనే విశాఖపట్నం వెళ్ళాం. బహుమతి రాలేదు గానీ, దారి పొడవునా టీచరు గారు కిటికీలోంచి మబ్బులు చూపిస్తూనే ఉన్నారు.

లెక్క తప్పినప్పుడు దాచేద్దామని ఇప్పటికీ మనసు లాగుతుంది, అబద్ధమెందుకు? అయినా సమావేశంలో ముందుగా నేనే లేచి "తప్పింది" అంటాను. ఆ మాట అనేశాకే, తెర మీది ఊళ్ళ పేర్లు మళ్ళీ మనుషులున్న ఊళ్ళుగా కనిపిస్తాయి.