రెండువందల పద్నాలుగో తాఖీదు

నెమెసియోకి రొట్టె సంగతి తెలుసు. బట్టీలో చెయ్యి పెట్టి ఎంత వేడుందో చెప్పగలడు. పిండి పులిసిందో లేదో వాసన పట్టి చెప్పగలడు. అలాంటివాణ్ణి తెచ్చి కొండల్లోని సాన్ మెల్చోర్ ఊరి సభ ఏడాదిపాటు సెక్రటరీ కుర్చీలో కూర్చోబెట్టింది. ఆ కొండల్లో ఎవరి వంతు వచ్చినప్పుడు వాళ్లు జీతం లేకుండా ఊరికి చాకిరీ చెయ్యాల్సిందే. కుర్రతనంలో చర్చి గంట కొట్టాలి, పెళ్లయ్యాక కాపలా తిరగాలి, జుట్టు నెరిశాక కుర్చీ ఎక్కాలి. అరవై నిండితే సెలవు. ఎవరు ఏ ఏడు ఏం చేశారో రాసిన జాబితాయే అక్కడ మనిషికి పరువు.

దిగిపోతున్న సెక్రటరీ తాళంచెవులు ఇస్తూ ఒకటే మాట చెప్పాడు. "ముద్ర ఉన్న కాగితాన్ని నిలవపెట్టకు తమ్ముడూ. వచ్చిన పూటే పుస్తకంలో ఎక్కించు, వచ్చిన పూటే జవాబియ్యి. పై ఆఫీసోళ్లకి కోపమెక్కువ."

నెమెసియో ఆ మాటను వేదవాక్కులా పట్టుకున్నాడు.

అక్టోబరులో ఒక గురువారం పొద్దున, వాన కబురు చూద్దామని కంప్యూటర్ తెరిస్తే తెర మధ్యలో ఎర్రటి పెట్టె ఊడిపడింది. మూలన గుండ్రటి ముద్ర. "మీ బ్రౌజర్ పాతబడింది. ప్రమాదం. వెంటనే అప్‌డేట్ చేయండి. గడువు ఐదు నిమిషాలు." కింద అంకెలు తగ్గిపోతున్నాయి.

ఐదు నిమిషాల గడువంటే ఏ ప్రభుత్వం పెట్టినా అన్యాయమే అనుకున్నాడు. అయినా ముద్ర ముద్రే. తాఖీదుల పుస్తకం తెరిచి, 214 అని నంబరు వేసి, తేదీ, గంట రాసి, పెట్టెలో మాటలన్నీ పొల్లు పోకుండా ఎక్కించాడు. 'పంపినవారు' అన్న గడిలో ఏం రాయాలో తోచక కాసేపు తల గోక్కుని, 'కంప్యూటర్' అని రాశాడు. అప్పటికి నలభై సెకన్లు మిగిలాయి. చేతులు తుడుచుకుని 'అంగీకరిస్తున్నాను' మీద నొక్కాడు. పని గడువులో ముగిసినందుకు కాస్త గర్వపడ్డాడు కూడా.

మధ్యాహ్నానికి ఒక్క ఫైలూ తెరుచుకోలేదు. పాత పుస్తకాలు వానకు నాని ముద్దయ్యాయనే కదా చాకిరీ జాబితాను కంప్యూటర్‌లోకి ఎక్కించింది! ఆదివారం సభలో దాన్ని చదవాలి, సెలవు దొరికినవాళ్లను పేరు పెట్టి పిలవాలి. నెమెసియో బడికి పరుగెత్తాడు.

బడి టీచరు జొయిలాకి కంప్యూటర్లు తెలుసు. ఆమె వచ్చి చూసింది.

"అసలు తెర మీద ఏమొచ్చిందన్నా? ఇట్లాంటప్పుడు ఎవర్నడిగినా గుర్తులేదంటారు."

నెమెసియో పుస్తకం తీసి, లేచి నిలబడి, 214 మొత్తం చదివి వినిపించాడు. జొయిలాకి నవ్వాగలేదు.

"దొంగకి రసీదు రాసిచ్చి మరీ తలుపు తీశావు గదన్నా!"

"దొంగేంటి? ముద్ర ఉందిగా?"

"బంగాళదుంప చెక్కి నేనూ వేస్తా ముద్ర."

"మరి పోయిన నెల నువ్వే అప్‌డేటు చేశావు. అది మంచిదన్నావు. ఇదేమో చెడ్డదంటావు. రెండూ ఒకే మొహమేసుకొస్తే నేనెట్టా పోల్చాలి తల్లీ?"

"మొహం చూడకు. పేజీ మధ్యలో ఊడిపడి తొందరపెట్టేదాన్ని ముట్టుకోకు, ఆ పేజీ మూసెయ్. మూతపడకపోతే కంప్యూటరే ఆపెయ్. తర్వాత నీ అంతట నువ్వే సెట్టింగ్స్‌లోకి పోయి, కొత్తదేమన్నా ఉందా అని చూడు. నిజమైందైతే అక్కడుంటుంది."

"అంటే గుమ్మంలో అరిచేవాణ్ణి నమ్మక, నేనే ఆఫీసుకి పోయి కనుక్కోవాలి."

"అంతే."

"మరి జాబితా తిరిగొస్తుందా?"

జొయిలా నవ్వు ఆగిపోయింది. "ఇంకోచోట ఎక్కడైనా దాచారా?"

దాచలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకుని లాభం లేదని బట్టీ మనిషికి ఒకరు చెప్పాలా? అయినా అతనికి ఒక పట్టాన అర్థం కాలేదు. చెప్పింది చెప్పినట్టు చేశాడు. తప్పెక్కడ జరిగింది?

ఇంట్లో అతని భార్య ఓదిలియా తాగడానికి చాక్లెట్ కాచి ముందు పెట్టింది. "రొట్టె మాడితే ఏం చేస్తావు?"

"మాడిందని చెప్తా."

"మరి పోయి చెప్పు."

ఆదివారం టోపీ చేతిలో నలుపుతూ చెప్పాడు. సభ హోరెత్తిపోయింది.

"రొట్టెలోడి చేతికి కలమిస్తే ఇట్టాగే ఉంటది!"

"నలభై ఏళ్ల చాకిరీ బూడిద చేశావు గదరా!"

సభ పెద్ద అబుందియో కర్రతో నేల మీద కొట్టాడు. "పుస్తకం పోతే నోళ్లు కూడా పోయాయా? ఎవరి చాకిరీ వాళ్లు చెప్పండి. చూసినోళ్లు సాక్ష్యం పలకండి. నెమెసియో, రాయి. మూడు నకళ్లు రాయి."

ఒక్కొక్కరే లేచారు. ముసలి విధవరాలు యుఫ్రోసీనా వంతు వచ్చింది. "మా ఆయన కాపలా ఏడాది మంచం పట్టాడు. లాంతరు పట్టుకుని తిరిగింది నేను. ఆయన పేరు రాసుకున్నారు. ఇప్పుడు రాస్తే నా పేరు రాయి."

వెనకనుంచి ఎవరో అన్నారు. "నిజమే. నేను చూశా."

నెమెసియో కలం ఆగింది. పోయిన జాబితాలో ఈమె పేరు లేదు. పోగొట్టినందుకు ఏడవాలో, దొరికినందుకు సంతోషించాలో తెలియక, కళ్లలో నీళ్లతోనే రాశాడు.

"మరి జాబితాలో ఈ రొట్టెలోడి ఏడాది రాయాలా వద్దా?" అని ఎవరో లేవనెత్తారు. సగం మంది రాయమన్నారు, సగం మంది వద్దన్నారు.

"వచ్చే ఏడూ కుర్చీలో వీడే," అని అబుందియో తేల్చేశాడు. "ఆ పెట్టె చేతిలో దెబ్బ తిన్నవాడు ఊళ్లో వీడొక్కడే."

అది శిక్షో గౌరవమో నెమెసియోకి అంతుబట్టలేదు. అడుగుదామని నోరు తెరిచాడు. యుఫ్రోసీనా ఇంకా కూర్చోలేదు.

"నా పేరు చదువు," అంది.

చదివాడు.

"ఇంకోసారి."

ఇంకోసారి చదివాడు. అప్పుడు కూర్చుంది.