సాంచ వేగంలో రెండు వేళ్లు

మా అబ్బాయి పోయి అప్పటికి మూడేళ్లు. పద్నాలుగు నెలల వాడు. ద్రాక్షపండు గొంతులో అడ్డం పడితే, నోట్లో వేలు పెట్టి తీయబోయాను. అది ఇంకా లోపలికి వెళ్లింది. వాణ్ని ఒళ్లో పెట్టుకుని ఆటోలో ఆసుపత్రికి పరుగెత్తాం. దారిలో ఏం చెయ్యాలో ఆటోలో ఎవరికీ తెలియదు. ఆ తర్వాత చావు గురించి చాలా పుస్తకాలు చదివాను. కొన్ని మంచివే. కనిపించని దానికోసం పసివాడి గొంతులో వేలు పెట్టకూడదని మాత్రం ఏ పుస్తకంలోనూ లేదు.

ఆ మాట ఒక నర్సు చెప్పింది. సూరత్ నగరంలో మేముండే డిండోలిలో, మా వీధి చివర తెలుగువాళ్ల సంఘం హాలు ఉంది. ఒక ఆదివారం మధ్యాహ్నం అక్కడ పిల్లల ప్రాణం నిలపడం ఎలాగో నేర్పుతామన్నారు. ఆ అమ్మాయి సూరత్‌లోనే పుట్టి పెరిగింది, ఆసుపత్రిలో పిల్లల అత్యవసర విభాగంలో పని. సంచిలోంచి ఒక రబ్బరు పసిబొమ్మను తీసి బల్ల మీద పడుకోబెట్టింది. మరమగ్గాల కార్ఖానాలకు సెలవు కావడంతో మగవాళ్లూ వచ్చారు. నేను వెనక గోడ పక్కన కూర్చున్నాను.

"ఊపిరి ఆగితే గట్టి జాగ మీద పండబెట్టుర్రి. రొమ్ము నడుమ, చన్నుల గీతకు జర కింద, రెండు వేళ్లు. ముప్పై సార్లు ఒత్తాలె. మళ్ల నోరు, ముక్కు రెండూ మీ నోటితోని మూసి రెండు ఊపిర్లు. బుగ్గల నిండ గాలి, బస్, అంతే. పసిపిల్లల ఊపిరితిత్తులు గంతే ఉంటయి. నీళ్లల్ల పడ్డ పిల్లకైతే ముందుగల ఊపిర్లు, తర్వాతనే ఒత్తుడు."

ఒత్తడం నిమిషానికి నూటికి తగ్గకూడదు, నూట ఇరవై దాటకూడదు. ఆ వేగం ఎవరికీ కుదరలేదు. ఒకామె ఉల్లిపాయలు తరిగినట్టు కంగారుగా ఒత్తింది. ఇంకొకాయన బొమ్మకు నొప్పి పుడుతుందేమో అన్నట్టు ఒత్తాడు. అప్పుడు మా ఎదురింటాయన లేచాడు. యాభై దాటినవాడు, జోల్వాలో మగ్గాల కార్ఖానాలో పని. ఆ చప్పుడులో ఏళ్ల తరబడి ఉండి చెవులు దాదాపు పోయాయి. కార్ఖానాలో మాట వినపడదు కనుక అక్కడివాళ్లు ఎదుటివాళ్ల పెదాలు చూసి మాట అందుకుంటారు. బయట కూడా ఆయనకు అదే అలవాటు. మా వీధికి కొత్తగా వచ్చినవాళ్లు మొదట్లో ఆయన చూపును తప్పుగా అనుకునేవారు. నేనూ అనుకున్నాను.

రెండు వేళ్లు ఆనించి ఒత్తడం మొదలుపెట్టాడు. నర్సు గడియారం చూసి తల ఎత్తింది.

"నూట పది. ఏడ నేర్చుకున్నవ్ కాకా?"

ఆయన ఆమె పెదాలు చూశాడు. "నేర్సుకునుడేంది బిడ్డా. మా పాత సాంచ గిట్లనే కొడ్తది. ఇరవై ఏండ్ల సంది గదే నడక." మరమగ్గాన్ని వాళ్లు సాంచ అంటారు.

"ఇంట్ల గిన్నె కడుగుమంటె గీ చేతులే లేవయి," అంది పక్కనున్న ఆయన భార్య. హాలంతా నవ్వింది. ఆమె పెదాలు ఆయనకు కనిపించలేదు. ఎందుకు నవ్వుతున్నారో తెలియక ఆయనా నవ్వాడు.

తర్వాత నర్సు నన్ను పిలిచింది. "మేడం, ఊపిరి మీరు ఇయ్యుర్రి." బల్ల దాకా వెళ్లాను. బొమ్మ నోరు తెరిచి ఉంది. "ఇంకోసారి," అని వెనక్కి వచ్చేశాను. ఆయన నన్ను చూశాడు. మా సంగతి వీధిలో అందరికీ తెలుసు.

నెల తిరక్కముందే, మరో సెలవు రోజు పొద్దున, కింది వాటా నుంచి అరుపు వినిపించింది. ఆ ఇంట్లో పది నెలల పాప ఉంది. తల్లి స్టవ్ ఆపడానికి లోపలికి వెళ్లింది. పాప బకెట్ అంచు పట్టుకుని నిలబడబోయి తలకిందులుగా నీళ్లలో పడింది. నేను దిగేసరికి ఎవరో పాపను కాళ్లు పట్టుకుని వేలాడదీసి ఊపుతున్నారు. నీళ్లు దిగాలని. పెదాలు నీలంగా ఉన్నాయి. ఊపిరి లేదు.

ఎదురింటాయనను భార్య భుజం పట్టి తోసుకొచ్చింది. ఆయన పాపను వాళ్ల చేతుల్లోంచి తీసుకుని గచ్చు మీద పడుకోబెట్టాడు. నా వైపు చూశాడు.

"అక్కా, ముందుగల ఊపిరి. నువ్వు ఊదు."

మోకాళ్ల మీద కూర్చున్నాను. పాప నోరు, ముక్కు రెండూ నా నోటి కింద పట్టాయి. సబ్బునీళ్ల రుచి. బుగ్గల్లో ఉన్న గాలి వదిలాను. రొమ్ము లేచింది. దీన్ని నేను ఇంకే మాటలతోనూ అలంకరించలేను. నా గాలితో ఒక పసిపిల్ల రొమ్ము లేచి, దిగింది. ఇంకోసారి ఊదాను. మళ్లీ లేచింది.

తర్వాత ఆయన వేళ్లు. నేను పైకి లెక్కపెట్టాను, ఆయన నా పెదాలు చూస్తూ ఒత్తాడు. ఎవరో 108కి ఫోన్ చేస్తున్నారు. చుట్టూ ఉన్నవాళ్లు తలో మాట అరుస్తున్నారు. "రిక్షాల ఏసుకొని పోండ్రి." "ఉల్టా పట్టుండ్రి, నీళ్లున్నయి లోపల." తల్లి నేల మీద కొట్టుకుంటోంది. ఇవన్నీ నాకు వినపడ్డాయి. ఆయనకు వినపడలేదు. ఆ వేళ్లు ఒక్కసారీ తొందరపడలేదు, ఒక్కసారీ ఆగలేదు. ముప్పై, రెండు ఊపిర్లు, మళ్లీ ముప్పై. ఆగిన గుండె చేయాల్సిన పనిని, తెగిన నూలు ముడివేసే వేళ్లు చేస్తున్నాయి. ఇంతకంటే పెద్ద సంగతి నేను ఎక్కడా చదవలేదు.

మా వాడు గుర్తొచ్చాడా అని తర్వాత మా వారు అడిగారు. లేదు. అంకెలు తప్ప ఏమీ గుర్తు రాలేదు.

ఎన్నో విడతో చెప్పలేను. పదకొండు అంటుండగా పాప నోట్లోంచి నీళ్లు వచ్చాయి. ఆయన ఒంటిచేత్తో పక్కకు తిప్పాడు. ఒక దగ్గు. తర్వాత సన్నగా ఏడుపు. నా లెక్క ఆగిపోయింది. ఆయన వేళ్లు గాల్లో ఆపి, పన్నెండు కోసం నా పెదాల వైపే చూస్తున్నాడు.

"ఏమైందక్కా? లెక్క ఆపినవేంది?"

ఆయన చెయ్యి పట్టుకుని పాప వీపు మీద పెట్టాను. ఆ ఏడుపు ఆయన అరచేతికి తెలిసింది. చాలాసేపు ఆ చెయ్యి తియ్యలేదు. అంబులెన్స్ వచ్చినప్పుడు కూడా, కొంచెం ఆగమన్నట్టు, ఇంకో చెయ్యి ఎత్తి చూపించాడు.